పాము కింద నేల

పోయినేడు మాఘమాసంలో ఒకనాడు ఇంకా తెల్లవారకముందే నా ఫోను మోగింది. మా ఊరు అమరాపురంలో ఆ వేళప్పుడు నాకు ఫోను వచ్చిందంటే ఆవు ఈనలేక అవస్థ పడుతోందనో, మేకకు కడుపు ఉబ్బిందనో అనుకోవాలి. ముప్పై ఏళ్లు పశువుల డాక్టరుగా పనిచేసినవాణ్ని, ఉద్యోగం అయిపోయినా ఆ ఫోన్లు ఆగవు. ఆ రోజు చేసింది మాత్రం బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటున్న మా అక్క కొడుకు.

"మామా, పాము ఊపిరి తీస్తా ఉంటే ఈల వేసినట్టు వినిపిస్తా ఉంది. రాత్రి నుంచి నోరు తెరుచుకోనుంది. ఏం చేసేది?" అన్నాడు. గొంతులో ఏడుపు ఉంది.

వాడు పెంచేది బాల్ పైథాన్. ఆఫ్రికా ఖండంలో పడమటి దిక్కునున్న సెనెగల్ నుంచి ఉగాండా దాకా ఉండే చిన్న కొండచిలువ. భయపడితే తలను లోపలికి ముడుచుకుని బంతిలా చుట్టుకుంటుంది, అందుకే ఆ పేరు. 2024లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన నిబంధనల ప్రకారం ఇలాంటి విదేశీ జీవుల్ని పెంచేవాళ్లు పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. వాడు చేసుకున్నాడు. కాగితాలు సరిగానే ఉన్నాయి. మరి తేడా ఎక్కడొచ్చింది?

"దాని కింద ఏం పరిచినావురా?"

"చెక్క పొట్టు మామా. పైన్ చెక్క పెట్టెల్లో సామాన్లు వస్తాయి చూడు, ఆ చెక్కను చిత్రిక పట్టిన పొట్టు. మెత్తగా ఉంది. మంచి వాసన కూడా వస్తాది."

ఆ మంచి వాసనే జబ్బు. ఈ మాట వాడికి చెప్పడానికి నాకు ఒక్క నిమిషం పట్టింది. ఎందుకో మీకు చెప్పడానికి ఈ పూట ఈ మైకు ముందుకు వచ్చాను.

పాము బతుకంతా నేలమీదే. మనకు పాదాల కింద చెప్పులుంటాయి, ఆవుకు గిట్టలుంటాయి, కోడికి కొక్కెం కాళ్లుంటాయి. పాముకు మెడ కింది నుంచి తోక దాకా ఒళ్లంతా నేలకు ఆనుకునే ఉంటుంది. దాని ముక్కు నేలకు వేలెడు ఎత్తులో ఉంటుంది. అది నాలుక బయటికి చాచి గాలిలోని, నేలమీది వాసనల్ని అంగిట్లో ఉన్న జాకబ్సన్ అవయవానికి అందిస్తుంది. దాని లోకజ్ఞానంలో చాలా భాగం అక్కడి నుంచే. పైన్, దేవదారు చెక్కల్లో ఘాటైన నూనెలుంటాయి. పురుగు పట్టకుండా బట్టల బీరువాలో దేవదారు ముక్క పెట్టేది ఆ ఘాటు కోసమే. మనం బీరువా తలుపు తీసినప్పుడు ఒకసారి ఆ వాసన పీల్చి పక్కకు పోతాం. పాము ఆ బీరువాలోనే రాత్రింబగళ్లు పడుకుని ఉంటుంది.

ఇంకొకటి ఉంది. మనం దగ్గితే కఫం బయటపడుతుంది. దానికి లోపల ఉదరవితానం అనే కండరం సాయం చేస్తుంది. పాములకు ఆ కండరం లేదు. మనం దగ్గినట్టు అవి గట్టిగా దగ్గలేవు. పొట్టు దుమ్ము లోపలికి పోయినా, ఘాటుకు ఊపిరితిత్తిలో నీరు ఊరినా, బయటికి తోసే దారి దాదాపు లేనట్టే. మన నాగుపాముకు, జెర్రిపోతుకు నిజంగా పనిచేసేది కుడి ఊపిరితిత్తి ఒక్కటే. కొండచిలువ జాతికి రెండూ ఉంటాయి గానీ ఎడమది చిన్నది. అందువల్ల పాముకు జలుబు చేసిందంటే తేలిగ్గా తీసుకోవలసింది కాదు. ఈల శబ్దం, నోట్లో నురగ, తల పైకెత్తి నోరు తెరుచుకుని ఉండటం కనబడితే ఆ రోజే డాక్టరు దగ్గరికి పోవాలి.

మావాణ్ని పొట్టంతా తీసేసి పాత పేపర్లు పరవమన్నాను. పాముల వైద్యం తెలిసిన డాక్టరు దగ్గరికి వెంటనే తీసుకుపొమ్మన్నాను. తర్వాత ఏమైందో చివర్లో చెబుతాను. ముందు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఎందుకంటే పాము కింద ఏం ఉండాలన్న సంగతి నేను పుస్తకంలో నేర్చుకోలేదు. ఒక పామును బాధపెట్టి నేర్చుకున్నాను.

ఇరవై ఏళ్లు దాటింది. ఎవరో పెట్టెలో దాచి అమ్మకానికి తీసుకుపోతున్న రెండు తలల పామును అటవీ శాఖవాళ్లు పట్టుకుని, గాయం ఉందని నా దగ్గరికి తెచ్చారు. మన ఎర్రమట్టి చేలల్లో, వేరుశనగ చెక్కలలో ఉంటుంది అది. నల్లగా, గోధుమ రంగుగా, మందంగా, తోక మొండిగా ఉంటుంది. ఆ మొండి తోక ఇంకో తలలాగా కనబడుతుంది గనుక రెండు తలల పాము అన్నారు. దానికి విషం లేదు. ఎలుకల్ని తిని బతుకుతుంది, గుడ్లు పెట్టకుండా పిల్లల్నే ఈనుతుంది. ఇంట్లో ఉంటే ధనం వస్తుందని, లంకెబిందెలు చూపిస్తుందని ఎవరో పుట్టించిన మాటకు ఈ జాతి బలైపోతోంది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం తన జాబితాలో దీన్ని ముప్పుకు దగ్గరపడిన జాతిగా చేర్చింది.

ఆ పామును నేను నాలుగు రోజులు సిమెంటు తొట్టిలో ఉంచాను. కింద గోనెపట్టా పరిచాను. నీళ్లు పెట్టాను. పైన జల్లెడ మూశాను. రోజూ మందు పూశాను. అన్నీ సరిగ్గా చేస్తున్నాననే అనుకున్నాను. మూడోరోజుకు దాని మూతి పుండయింది. రాత్రంతా గోడ వెంబడి ముక్కుతో పొడుస్తూ తిరుగుతోంది. ముక్కు మీది పొలుసు అరిగి నెత్తురు కారుతోంది. మందు మార్చాను. పుండు ఇంకా పెద్దదైంది.

నాలుగోరోజు మేకను చూపించడానికి వచ్చిన ఒక పెద్దాయన తొట్టిలోకి తొంగిచూశాడు. మా అమరాపురం వైపు ఇంట్లో ఒక భాష, సంతలో ఒక భాష. కన్నడంలో ఆ పాముకు మణ్ణుముక్క అని పేరు. మన్ను ముక్కేది అని. ఆయన నన్ను అడిగాడు: "సార్, పేరులోనే మన్ను ఉంది కదా. మన్నులో బతికేదాన్ని మన్ను లేకుండా పెట్టినారే. అది గోడకు తలకాయ కొట్టుకోక ఇంకేం చేస్తాది?"

ఆయనే పోయి ఒక గంపెడు చేని మన్ను తెచ్చాడు. వేరుశనగ పీకేసిన చెక్కలోది, ఇసుక కలిసిన ఎర్రమన్ను. తొట్టిలో జానెడు మందాన పోశాం. పాము ఒక్క క్షణం కదలకుండా ఉంది. తర్వాత ముక్కు కిందికి వంచింది. దాని తల గడ్డపార మొనలా కోసుగా ఎందుకుందో అప్పుడు కళ్లారా చూశాను. ఒళ్లంతా నునుపుగా ఉన్న ఆ పొలుసుల మీద నుంచి మన్ను నీళ్లలా జారింది. రెండు మూడు నిమిషాల్లో మొండి తోక కూడా కనబడలేదు. పైన మన్ను కొంచెం ఉబ్బి, ఊపిరి తీసినప్పుడల్లా మెల్లగా కదులుతోంది. ఆ తర్వాత అది ఒక్కసారి కూడా గోడ పొడవలేదు. వారంలో పుండు మానింది. అటవీ శాఖవాళ్లు తీసుకుపోయి వదిలేశారు.

నాలుగు రోజులు ఆ ప్రాణిని నేను పెట్టిన బాధ ఇప్పటికీ మనసులో కలుక్కుమంటుంది. దానికి కావలసింది మందు కాదు, ఒక గంపెడు మన్ను.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ కథ విని రెండు తలల పామును తెచ్చి ఎర్రమన్ను పోసి పెంచుదామని ఎవరూ అనుకోవద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన నేలమీది పాముల్ని పట్టడం, పెట్టెలో పెట్టుకోవడం, అమ్మడం, కొనడం అన్నీ నేరాలే. వాటికి పరుపు ఏనాడో పరిచి ఉంది. మన చేనే ఆ పరుపు. ఇంట్లోకి వస్తే పట్టి వదిలేవాళ్లకు ఫోను చేయండి. వాళ్లు వచ్చేలోగా బకెట్టులోనో డ్రమ్ములోనో మూసి ఉంచారనుకోండి, అది గట్టి అడుగు మీద జారుతూ బెదిరిపోతుంది. పట్టి వదిలేవాళ్లు కూడా డబ్బా అడుగున ఒక పాత నూలు గుడ్డ మడిచి వేయండి. గుడ్డ మడతల్లో దూరితే పాము నెమ్మదిస్తుంది. చిన్న పని, కానీ దాని గుండె దడ తగ్గుతుంది.

పాముకు ఇల్లంటే మనకు పుట్ట గుర్తొస్తుంది. మన జిల్లా కేంద్రం పుట్టపర్తి పేరులోనే పుట్ట ఉంది. నాగులచవితినాడు ఆడవాళ్లు పసుపు, కుంకుమ పెట్టేదీ పుట్టకే. చీమల పుట్ట అంటాం గానీ దాన్ని కట్టేవి చెదలు. చెదలు మట్టి రేణువుకు ఉమ్ము కలిపి ఒక్కొక్కటే పేర్చి, లోపల గదులు, గాలి దారులు పెట్టుకుంటాయి. బయట మన వేసవి ఎండ నలభై డిగ్రీలు కాస్తున్నా లోపల చల్లగా, తేమగా ఉంటుంది. ఊరంతా ఎండిపోయిన నాడు కూడా పుట్ట లోపలి మట్టిని చేత్తో తాకితే చెమ్మగా తగులుతుంది. పాము అక్కడ చేరేది ఈ చల్లదనం కోసం, ఎలుకల కోసం, నీడ కోసం.

విశేషమేమిటంటే, మావాడు పెంచే ఆ ఆఫ్రికా పాము కూడా అక్కడి సవన్నా గడ్డి నేలల్లో ఎలుక బొరియల్లో, చెద పుట్టల్లోనే పగలంతా పడుకుంటుంది. ఎన్నో వేల మైళ్ల అవతల పుట్టి, అమెరికాలోనో ఐరోపాలోనో పెంపకందారుల పెట్టెల్లో తరాలు గడిపి, చివరికి బెంగళూరులో అపార్ట్‌మెంటు నాలుగో అంతస్తుకు వచ్చినా దాని చర్మం ఇంకా పుట్టలోని తేమనే అడుగుతుంది. మాఘమాసంలో బెంగళూరు గాలి చలిగా, పొడిగా ఉంటుంది. ఎండు చెక్క పొట్టు ఉన్న తేమను కూడా పీల్చేస్తుంది. అందుకే మావాడి పాముకు ఊపిరితోపాటు ఇంకో ఇబ్బంది కూడా వచ్చింది. కుబుసం సరిగ్గా ఊడలేదు. మేజోడు తిరగేసినట్టు ఒకే ముక్కగా రావలసినది చింపిరి గుడ్డలా పేలికలు పేలికలుగా ఒంటికి అతుక్కుపోయింది. కంటి మీది పొర కూడా ఊడకుండా ఉండిపోయింది. పాముకు కనురెప్పలుండవు, ఒక పారదర్శకమైన పొలుసు కంటిని కప్పి ఉంటుంది. కుబుసంతోపాటు అదీ మారాలి. అతుక్కుపోతే గోటితో గీకకూడదు. తేమ ఇస్తే తర్వాతి కుబుసానికి చాలాసార్లు అదే పోతుంది.

తేమ గురించి మన ప్రాంతంలో కొత్తగా ఎవరికీ నేర్పనక్కర్లేదు. అమరాపురం, మడకశిర, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, ఎటు చూసినా పట్టు. ఒకచోట మల్బరీ ఆకు, ఒకచోట గూళ్ల మార్కెట్టు, ఒకచోట మగ్గం. పట్టుపురుగుల షెడ్డులో తడి-పొడి థర్మామీటరు వేలాడుతూ ఉంటుంది. చాకీ అనే లేత పురుగులకు తేమ ఎనభై ఐదు శాతం దగ్గర కావాలని, పెద్ద పురుగులకు డెబ్భై, డెబ్భై ఐదు చాలని మా ఊళ్లో చదువు రాని అవ్వ కూడా చెబుతుంది. పురుగు పొర విడిచే జ్వరానికి పడినప్పుడు సున్నం చల్లి పడక ఆరబెడతారు. పడక తడిసి ముద్దయితే పురుగు పాలు కారుతుందని, మరీ ఎండితే ఆకు వాడిపోయి మేత తినదని వాళ్లకు తెలుసు. పురుగుల కింద ఉన్నదాన్ని వాళ్లు పడక అనే అంటారు. పాములు పెంచేవాళ్లు సబ్‌స్ట్రేట్ అంటారు. నాకు పడక అన్నమాటే నచ్చింది, ఆ మాటే వాడతాను.

బాల్ పైథాన్‌కు గాలిలో తేమ యాభై ఐదు నుంచి అరవై ఐదు శాతం దాకా ఉండాలి, కుబుసం విడిచే రోజుల్లో ఇంకొంచెం ఎక్కువ. అమెరికా ఆగ్నేయ రాష్ట్రాలకు చెందిన కార్న్ స్నేక్‌కు నలభై, యాభై శాతం చాలు. తూర్పు ఆఫ్రికా మన్నుపాముకు ఇంకా పొడి నేల నచ్చుతుంది. మూడూ పాములే గానీ మూడింటికీ ఒకే పడక పరిస్తే ఒకటి ఎండుతుంది, ఒకటి నానుతుంది. అందువల్ల దుకాణంలో ఏది దొరికింది, ఏది చూడ్డానికి అందంగా ఉంది అని అడిగేముందు, నా పాము ఏ నేలమీద పుట్టిన జాతి అని అడగాలి.

బాల్ పైథాన్ లాంటి తేమ పాముకు నా మనసుకు నచ్చినది కొబ్బరి పొట్టు. మా అమరాపురం, రొళ్ల, అగళి వైపు వక్క, కొబ్బరి తోటలు చూసినవాళ్లకు కొబ్బరి పీచు తీసేటప్పుడు రాలే ఆ గోధుమ రంగు పొడి గురించి చెప్పనక్కర్లేదు. ఒకప్పుడు రోడ్డు పక్క గుట్టలుగా పడేసేవాళ్లు. ఇప్పుడు దాన్నే ఒత్తి ఇటుకలుగా చేసి నర్సరీలకు అమ్ముతున్నారు. తన బరువుకు ఏడెనిమిది రెట్లు నీళ్లు పట్టుకుంటుంది, మెల్లగా వదులుతుంది. ఐదు కిలోల ఇటుక నానితే డెబ్భై లీటర్ల దాకా ఉబ్బుతుంది, ఒక పెట్టెకు అది చాలా ఎక్కువ. అయితే కొనేటప్పుడు ఒకటి అడగాలి: కడిగిందా, కడగనిదా? సముద్రం పక్క ఉప్పునీళ్లలో నానేసిన పీచు పొట్టులో ఉప్పు ఉంటుంది. మొక్కలకే అది పనికిరాదు. రెండుమూడు సార్లు మంచినీళ్లలో నానబెట్టి, పలుచటి గుడ్డలో పిండి, ఎండలో ఆరబోసి వాడండి. ఎండి పొడిగా ఉన్నప్పుడు మాత్రం దుమ్ము లేస్తుంది. ఆ స్థితిలో పాము కింద వేయకూడదు.

మరి ఎంత తడి ఉండాలి? దీనికి మన రైతు మాట ఒకటే ఉంది, పదును. తొలకరి వాన పడ్డాక రైతు చేలోకి పోయి పిడికెడు మన్ను తీసి ఒత్తి చూస్తాడు. వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారితే ఇంకా ఆగాలి. ఒత్తినా పొడిగా రాలితే పదును పోయింది. ఉండలా నిలిచి, వేలితో తాకితే విడిపోతే విత్తనం వేయొచ్చు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే చూసే అనంతపురం సీమ రైతుకు ఆ పిడికిలి లెక్క తప్పదు. పాము పడకకూ అదే లెక్క. చేలో పైమన్ను ఆరి, కింద పదును ఉన్నట్టే, పెట్టెలో కూడా పైపొర ఆరి ఉండాలి, కింది పొర తడిగా ఉండాలి. అందుకని పైన నీళ్లు చిలకరించకుండా నాలుగు మూలల్లో కొంచెం కొంచెం పోయాలి. నీళ్లు అడుగుకు దిగి, పైకి మెల్లగా ఆవిరి వస్తుంది. పైపొర తడిగా ఉంటే పొట్ట పొలుసుల మీద బొబ్బలు వస్తాయి, తర్వాత కుళ్లు పడుతుంది. కొత్తవాళ్లు చేసే తప్పుల్లో నేను ఎక్కువ భయపడేది దీనికే. తేమ కావాలి అని విని తడి చేస్తారు. తేమ గాలిలో ఉండాలి, తడి పొట్ట కింద ఉండకూడదు.

మందం సంగతికి వస్తే, బాల్ పైథాన్‌కు నాలుగు వేళ్ల మందం చాలు. మన్నులో దూరే జాతికి జానెడు కావాలి. పెట్టె కింద వేడి చాప వేసేవాళ్లు ఇక్కడ చాలా జాగ్రత్తగా ఉండాలి. పడక మందంగా ఉంటే వేడి పైకి రాదు. పాము వెచ్చదనం వెతుక్కుంటూ కిందికి తవ్వుకుని గాజుకు పొట్ట ఆనించి పడుకుంటుంది. కాలుతున్నా దానికి వెంటనే తెలియదు. తెల్లారేసరికి పొట్టంతా బొబ్బలు. కాబట్టి థర్మోస్టాట్ లేకుండా వేడి చాప వద్దు, ఆ థర్మోస్టాట్ తీగ చివరి మొన పెట్టెలోపల గాజు అడుగుకు తగిలేటట్టు ఉండాలి.

లేపాక్షి నాగలింగం చూడనివాళ్లు మనలో ఉండరు. ఒకే బండలో చెక్కిన చుట్టలు, ఏడు పడగలు. పదహారో శతాబ్దం నుంచి ఆ నాగుడికి రాయే పరుపు, రాయే ఒళ్లు. దాన్ని చూసి వచ్చినవాళ్లు తమ పాము పెట్టెలో కూడా బండరాళ్లు పేర్చి గుహ కట్టాలని ముచ్చటపడతారు. కట్టండి. కానీ రాయిని ముందు పెట్టె అడుగున గాజు మీద కదలకుండా నిలబెట్టి, తర్వాత దాని చుట్టూ పొట్టు నింపండి. పొట్టు మీద రాయి పెడితే, పాము కింద తవ్వుకున్న రాత్రి రాయి దాని నడుము మీదికి దిగుతుంది. నేను అలా నడుము విరిగిన పామును ఒకదాన్ని చూశాను. దానికి ఏమీ చేయలేకపోయాను.

పాత పేపరు గురించి చాలామందికి చిన్నచూపు ఉంది. నాకు గౌరవం ఉంది. కొత్తగా వచ్చిన పాముకు, జబ్బు పాముకు మొదటి నెల రోజులు పేపరుకు మించిన పడక లేదు. రెట్ట ఎలా ఉందో కనబడుతుంది. తెల్లటి యూరిక్ ముద్ద పచ్చబడిందా, నెత్తురు ఉందా తెలుస్తుంది. పాములకు పట్టే పేలు నల్లటి ఆవగింజల్లో నాలుగో వంతు ఉంటాయి. చెక్క పొట్టులో అవి కనబడనే కనబడవు, కాగితం మీద పాకుతుంటే కనబడతాయి. తడిస్తే తీసి పారేసి ఇంకోటి వేయడమే. చూడ్డానికి బాగుండదు నిజమే. దాక్కోవడానికి ఒక కుండపెంకు బోర్లించండి, నాచు నింపిన తడి డబ్బా ఒకటి పెట్టండి, ఆ కొరత తీరుతుంది.

కార్న్ స్నేక్‌లాంటి పొడి పాముకు విదేశాల్లో ఆస్పెన్ అనే చెట్టు చెక్క పొట్టు వాడతారు. అందులో ఘాటు నూనెలుండవు. పాము దూరిన సొరంగం కూలకుండా నిలుస్తుంది. తడిస్తే మాత్రం బూజు పడుతుంది. ఇక్కడ ధర ఎక్కువ. దొరకలేదని పక్కనున్న కోతమిల్లుకు పోయి గోతం నింపుకు రావద్దు. ఆ పొట్టులో వేపమాను ఉందో, టేకు ఉందో, నీలగిరి ఉందో, దానికి ఏ మందు పూశారో ఎవరికీ తెలియదు.

మన దగ్గర ఊరికే దొరికేవి ఇంకో రెండు ఉన్నాయి, వాటి గురించి చెప్పకపోతే నా బాధ్యత తీరదు. కోళ్ల ఫారాల్లో పరిచే వరి ఊక, వేరుశనగ పొట్టు. ఊక అంచులు గరుకు, దుమ్ము ఎక్కువ, తేమ పట్టుకోదు. వేరుశనగ పొట్టు ఇంకా ప్రమాదం. తేమ తగిలితే బూజు పడుతుంది. వేరుశనగకు పట్టే ఆ పచ్చ బూజులోంచే అఫ్లటాక్సిన్ అనే విషం పుడుతుంది. ఈ జిల్లాలో పంట పండించినవాళ్లందరికీ ఆ పేరు తెలుసు. వెచ్చగా, తేమగా ఉన్న పాము పెట్టె ఆ బూజుకు దున్ని ఉంచిన పొలం.

మనవాళ్లు ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉన్నవాణ్ని మన్ను తిన్న పాములా ఉన్నాడంటారు. పాము మన్ను మేత కోసం తినదు. కానీ ఎలుకను మింగేటప్పుడు దానికంటిన ఇసుకో పొట్టో లోపలికి పోతుంది. కొంచెం పోతే రెట్టలో వచ్చేస్తుంది. ఎక్కువ పోయినా, పాముకు నీళ్లు చాలకపోయినా, వెచ్చదనం తక్కువైనా పేగులో గడ్డకట్టి అడ్డుపడుతుంది. అప్పుడు అది నిజంగానే మేత మాని కదలకుండా పడి ఉంటుంది. ఆ సామెత పుట్టించినవాడు ఎక్కడో అలాంటి పామును చూసే ఉంటాడని నాకనిపిస్తుంది. ఐస్‌లోంచి తీసి కరిగించిన ఎలుకను గుడ్డతో తుడిచి, ఒక పళ్లెంలోనో చదును రాయి మీదో ఉంచి పెడితే ఈ బాధ చాలావరకు ఉండదు. రంగురంగుల కాల్షియం ఇసుక అని దుకాణాల్లో అమ్ముతారు, దాని జోలికి పోవద్దు. తూర్పు ఆఫ్రికా మన్నుపామును పెంచేవాళ్లకు కూడా ఒట్టి ఇసుక చాలదు, సొరంగం నిలవదు. కడిగిన వంక ఇసుకలో కొంచెం ఎర్రమన్ను కలపాలి. ఆ మన్ను పురుగుమందు పడని చోటు నుంచి తేవాలి, పెనం మీద బాగా వేయించి చల్లార్చాలి.

ఇంత పెద్ద పెట్టెలు, యంత్రాలు లేకుండా పామును చక్కగా ఉంచినవాళ్లు మన పొరుగునే ఉన్నారు. చెన్నై నుంచి మహాబలిపురం పోయే దారిలో వడనెమ్మేలి దగ్గర ఇరుల పాములవాళ్ల సహకార సంఘం ఉంది. 1978లో మొదలైంది. పాము చర్మాల వ్యాపారం ఆగిపోయి బతుకుదెరువు పోయిన ఇరులలకు రోములస్ విటేకర్ తోడు నిలిచి పెట్టించిన సంఘం అది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటినీ ప్రభుత్వ అనుమతితో పట్టి, కొన్నాళ్లు ఉంచి, నాలుగు సార్లు విషం తీసి, మళ్లీ అడవిలో వదిలేస్తారు. పాముకాటుకు మనం ఆసుపత్రిలో వేయించుకునే మందు తయారీకి ఆ విషమే ఆధారం. విషం తీసే ఆ కొన్నాళ్లూ పాముల్ని ఉంచేది మట్టికుండలో. కుండ అడుగున ఇసుక, మూతికి నూలు గుడ్డ కట్టి. అంతే. మట్టికుండ చెమరుస్తుంది గనుక లోపల చల్లగా ఉంటుంది. నూలు గుడ్డలోంచి గాలి ఆడుతుంది. చీకటిగా, ఇరుకుగా, కింద ఇసుకతో బొరియలాగే ఉంటుంది. అక్కడ ఇరులలు, ఇక్కడ యానాదులు తరతరాలుగా ఎలుక బొరియలు తవ్వి చూసినవాళ్లు. పాముకు ఏం కావాలో ఆ బొరియే వాళ్లకు చూపించింది.

ఇక మావాడి సంగతి. డాక్టరు మందు రాసిచ్చాడు, ఇంజక్షన్లు వేశాడు. మావాడు పామును మూడు వారాలు పేపరు మీదే ఉంచాడు. ఈల శబ్దం తగ్గింది, నోరు మూసుకుంది. ఉగాదికి ఊరొచ్చినప్పుడు నేను రొళ్ల నుంచి తెప్పించిన కొబ్బరి పొట్టును పెరట్లో మూడుసార్లు కడిగి, వాడి అవ్వ పాత చీరలో పిండి ఆరబోశాం. వాడికి పిడికిలి లెక్క రాలేదు. కంప్యూటరు చేతులు. అవ్వ వచ్చి వాడి చేతిలో పొట్టు పెట్టి, తన చేయి పైన వేసి ఒత్తింది. "ఇట్లుండాల, చూడు. ఇదీ పదును. రాగులు చల్లేటప్పుడు మీ తాత ఇట్లే చూస్తాండె" అంది. పాముకు అని వాడు చెప్పాడు. "ఏదైతేనేం, నేలే కదా" అంది.

శ్రావణంలో వాడు ఫోటో పంపాడు. పేపరు మీద పరిచిన కుబుసం, తల నుంచి తోక దాకా ఒక్క చిరుగు లేదు. కంటిమీది పొరలు రెండూ చిన్న గాజు బిళ్లల్లా అలాగే ఉన్నాయి. ముందు అతుక్కుపోయిన పాత కుబుసం పేలికలు, కంటి పొరలు కూడా దాంతోపాటు వచ్చేశాయి. పక్కన టేపు పెట్టి కొలిచాడు, నాలుగున్నర అడుగులు. కుబుసం పాముకంటే పొడుగ్గా సాగుతుంది, ఆ సంగతి రాత్రి ఫోనులో వాడికి చెప్పాను.